పాలరాపు గుట్ట గూడు: కార్తీకం నుంచి వైశాఖం దాకా

గుట్ట మీద నేను మొదట చూసింది సున్నం చారలు. నిలువునా కోసినట్టున్న ఎర్రటి రాతిగోడ, దాని మీద అక్కడక్కడ పై నుంచి కిందికి జారిన తెలుపు. పండక్కి గోడకు సున్నం వేస్తూ బకెట్టు ఒలకబోసినట్టు ఉంది.

"ఆ తెల్లచార యాడ మొదలైతదో ఆడ చూడు, గూడుంటది" అన్నాడు బావ.

అది రాబందుల రెట్ట. ఏళ్ల తరబడి ఒకే రాతి అరుగు మీద కూర్చుంటే దాని కింది బండ అలా తెల్లబడిపోతుంది.

అది 2016 నవంబరు 13, ఆదివారం. పెద్ద నోట్లు రద్దయిన వారం. ప్రాణహిత దాటించే పడవ అతను ఐదువందల నోటు తీసుకోనంటే చిల్లర కోసం రేవులో అరగంట తిరిగాను. అందుకే ఆ తేదీ నోటుబుక్కు తెరవకుండానే చెప్పగలను.

మాది అహేరి, గడ్చిరోలి జిల్లా. ఆఫీసుకెళ్తే మరాఠీ, ఇంటికొస్తే తెలుగు. నదికి ఇవతల మేము, అవతల అక్కావాళ్లు. మా వైపు చాలా ఇళ్లలో పిల్లనిచ్చినా తెచ్చుకున్నా అవతలి ఒడ్డుతోనే. అక్కను ఇచ్చింది బెజ్జూరు వైపు. బావ అక్కడి అడవిలో వాచర్. ఆ దసరాకే వాళ్ల ఊరు ఆదిలాబాద్ జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన కొమురం భీం జిల్లాలోకి వచ్చింది. పెద్దవాగు పక్కన ఉండే ఈ పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెడుతున్నాయని 2013లో బయటి ప్రపంచానికి తెలిసింది. అప్పటి నుంచి వాటిని కాపలా కాసేవాళ్లలో బావ ఒకడు.

దీపావళికి వెళ్లినప్పుడు అడిగాడు. "బామ్మర్దీ, నీకు మందుల పేర్లు చదవొస్తయి గదా. ఆదివారాలు ఓసారి రారాదు? మాకు రాసేటోడు గూడ కావాలె."

రాయడం అర్థమైంది. పక్షుల గూటికీ మందుల పేర్లకూ సంబంధం ఏమిటో మాత్రం ఆ రోజు నాకు తెలియలేదు. నేను అప్పటికి ఏడేళ్లుగా ఒక మెడికల్ షాపులో పనిచేస్తున్నాను.

వాగుకు ఇవతల, మద్దిచెట్టు నీడలో మూడు కాళ్ల స్టాండు మీద స్కోపు బిగించాడు బావ. డిపార్టుమెంటు స్కోపు, ఊపిరి తగిలినా అద్దం మసకబారేది. మొదట పావుగంట సేపు నాకు రాయి తప్ప ఏమీ కనిపించలేదు. కంటి నుంచి నీళ్లు కారుతున్నాయి. "తొందరేంది, అవి యాడికీ పోవు, ఎండెక్కనీ" అన్నాడు. అది నిజమే. ఎనిమిదిన్నర, తొమ్మిది దాటి బండ వేడెక్కితే గానీ అవి కదలవు. రెండు మీటర్లకు పైగా విచ్చుకునే రెక్కలు, అయిదారు కిలోల ఒళ్లు. వాటిని ఊరికే కొట్టుకుంటూ పైకి లేవడం దానికి శక్తికి మించిన పని. బండల మీద నుంచి వేడిగాలి పైకి లేచినప్పుడు ఆ గాలి మీద ఎక్కి పోతుంది.

ఒక తెల్లచార మొదలైన చోట, పెంకుటింటి చూరంత వెడల్పున్న అరుగు మీద, రాయి అనుకున్నది మెడ తిప్పింది.

అప్పటిదాకా రాబందు అంటే నాకు సినిమాల్లో శవాల మీద వాలేది, లేదంటే తిట్టు. "రాబందుల్లా పీక్కుతింటున్నారు" అని నేనూ అనేవాడిని. స్కోపులో కనిపించింది వేరు. గోధుమ రంగు ఒళ్లు, మెడ మొదట్లో శాలువా కప్పుకున్నట్టు తెల్లటి ఈకల పట్టీ, పైన వెంట్రుక లేని పొడవాటి మెడ. ముక్కు లేత రంగులో సన్నగా, పొడుగ్గా. అది రెక్కలు రెండూ విప్పి సూర్యుడి వైపు వీపు పెట్టి అలాగే నిలబడింది. పది నిమిషాలు. మా తాత చలికాలంలో పొద్దున్నే ఇంటి ముందు నిలబడేవాడు, సరిగ్గా అలా.

రెండోది పై నుంచి దిగింది. నోట్లో వేపరెమ్మంత కొమ్మ, ఆకులతో సహా. అరుగు మీద పెట్టింది. మొదటిది దాన్ని తీసి అటు పెట్టింది. రెండోది మళ్లీ ఇటు పెట్టింది. ఈ కొమ్మ అటూ ఇటూ మారడం ఎంతసేపు జరిగిందంటే నేను ఆ పూట రాసిన పేజీ సగం అదే.

రాబందుల్లో ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తెలియకపోతే రాసేదానికి అర్థం ఉండదు. మూడు గంటలు చూశాక ఒక ఆనవాలు దొరికింది. ఒకదాని ఎడమ రెక్కలో, చివరి ఈకల మధ్య ఒక ఈక లేదు. ఎగిరినప్పుడు పన్ను ఊడిన నోరులా అక్కడ ఆకాశం కనిపించేది. దాన్ని "సందురెక్క" అని రాసుకున్నాను, రెండోదాన్ని "నిండురెక్క" అని. సీజన్ అయ్యేదాకా ఆడదేదో, మగదేదో మాకు తేలలేదు. తేలాల్సిన అవసరమూ పడలేదు. కొమ్మలు తేవడం, పొదగడం, మేత పెట్టడం, అన్నీ ఇద్దరూ చేశాయి.

గుట్ట మొత్తం మీద ఆ రోజుల్లో మేము ఒక పూటలో లెక్కపెట్టినవి ఇరవై పైచిలుకు. అన్ని గూళ్లూ బావ రిజిస్టరులో ఉన్నాయి. నాకు అప్పగించింది ఈ ఒక్క గూడు.

నవంబరు 20న గుట్ట దగ్గరికి వెళ్లేసరికి సందురెక్క కూర్చున్న తీరు మారింది. ముందు వారం అరుగంతా తిరిగిన పక్షి ఇప్పుడు కొమ్మల మధ్య ఒళ్లు దించి, రెక్కలు కొంచెం వదులు చేసి, నేలకు అతుక్కుపోయింది. ఒక్కసారి లేచి, మెడ వంచి, ముక్కుతో కిందికి నెమ్మదిగా ఏదో జరిపి మళ్లీ కూర్చుంది. మేము ఉన్న ఎత్తు నుంచి గుడ్డు కనపడదు. కానీ బావ స్కోపు నుంచి తల తీయకుండానే, "పెట్టింది" అన్నాడు. ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది ఈ జాతి. అది పోతే ఆ ఏటికి అంతే. యాభై రోజులు అటూ ఇటుగా పొదగాలి. నేను అక్కడే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. సంక్రాంతి దగ్గర పడుతుంది.

ఈ యాభై రోజుల్లో చూడ్డానికి ఏమీ ఉండదని ఎవరైనా అంటారు. నాకు మాత్రం సీజన్ మొత్తంలో ఎక్కువ పేజీలు నిండింది అప్పుడే. ఒకటి కూర్చుంటుంది, రెండోది మేతకు పోతుంది. తిరిగొచ్చాక డ్యూటీ మారతాయి. వచ్చింది అరుగు చివర వాలుతుంది, కూర్చున్నది వెంటనే లేవదు. వచ్చినది రెండడుగులు వేసి ఆగుతుంది. అప్పుడు ఇది లేచి, ఒళ్లు విరుచుకుని, గుడ్డు మీద కాలు పడకుండా వేళ్లు ముడుచుకుని పక్కకు జరుగుతుంది. మా షాపులో షిఫ్టు మారేటప్పుడు తాళాలు చేతికిచ్చి, గల్లా చూపించి, ఒకరు బయటపడ్డాక మరొకరు కూర్చోవడం లాంటిదే. ఒకరి మీద ఒకరికి అంత భరోసా.

డిసెంబరు 18న ఆ భరోసా మీద దెబ్బ పడింది.

నేను వెళ్లేసరికి బావ ముఖం బాగాలేదు. నిండురెక్క శుక్రవారం పొద్దున పోయింది, ఇంకా రాలేదు. సందురెక్క మూడో రోజు గుడ్డు మీదే ఉంది. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే పక్షి, మేత దొరక్కపోతే ఒక రాత్రి బయట ఉండిపోవడం మామూలే. మూడో రోజంటే టెన్షన్.

"మీ దిక్కే పోయింది. నది దాటంగ చూసిన" అన్నాడు.

మా దిక్కు. అహేరి వైపు.

అతను మెల్లగా మందుల సంగతి తీశాడు. నేను ఎందుకు కావాలో అప్పుడు చెప్పాడు. పశువులకు నొప్పికీ, వాపుకీ, జ్వరానికీ వేసే డైక్లోఫెనాక్ సూది. ఆ సూది పడిన ఎద్దు ఒకటి రెండు రోజుల్లో చస్తే మందు మాంసంలోనే ఉండిపోతుంది. అది తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతింటాయి. యూరిక్ ఆమ్లం బయటికి పోక గుండె మీద, కాలేయం మీద తెల్లగా పేరుకుంటుంది, సున్నం పూసినట్టు. మెడ వేలాడేసి, కొద్ది రోజుల్లో కొమ్మ మీద నుంచి రాలిపోతుంది. 1980ల్లో మన దేశం మీద కోట్లలో తిరిగిన పక్షులివి. 1992 నుంచి 2007 లోపల పొడుగు ముక్కు రాబందులు నూటికి తొంభై ఏడు పోయాయి. ఎందుకు పోతున్నాయో చాలా ఏళ్లు ఎవరికీ అంతుపట్టలేదు. 2004లో కారణం దొరికింది. 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు.

ఇదంతా బావ చెబుతుంటే నేను తల వంచుకుని విన్నాను. నిషేధించింది పశువులకు. మనుషులకు కాదు. మనుషుల మందుగా 30 మిల్లీలీటర్ల సీసా మా షాపు అరలో 2015 దాకా ఉండేది. ఒక మనిషికి అంత సీసా ఎందుకు? ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. 2015లో ప్రభుత్వం 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకు మించి ఇంజెక్షన్ ప్యాకింగ్ ఉండకూడదన్నాకే అది పోయింది.

నాకు ఒక మనిషి గుర్తొచ్చాడు. పోలా పండుగకు వారం ముందు, తెల్ల పంచె, భుజాన తువ్వాలు, దాని నిండా గడ్డిపరకలు. "ఎద్దుకు మోకాలు వాసింది బిడ్డా, పండుగ నాటికి నిలబడాలె, పెద్ద సీస ఇయ్యి" అన్నాడు. ఎద్దును కడిగి, కొమ్ములకు రంగేసి, ఊరేగించే పండుగ. ఆ ఎద్దు మీద ఆయనకున్న ప్రేమే ఆ సీసా కొనిపించింది. నేను సీసాను కాగితంలో చుట్టి ఇచ్చాను. ఆ ఎద్దు ఏమైందో నాకు తెలియదు. అలాంటి సీసాలు ఏడాదికి ఎన్ని ఇచ్చానో లెక్క లేదు.

ఆ మధ్యాహ్నం బావకు ఈ సంగతి చెప్పాను. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గందుకే నిన్ను పిలిచిన" అన్నాడు. కోపంగా కాదు. మందు అమ్మిన చెయ్యే మందు పేరు చదవాలని అతని లెక్క.

మూడూ ఇరవైకి, నది వైపు నుంచి ఒక చుక్క పెద్దదవుతూ వచ్చింది. బావ స్కోపు నాకిచ్చాడు. నా చేతులు వణికి బొమ్మ నిలవలేదు. రెక్క నిండుగా ఉంది. గొంతు కింది సంచి ఉబ్బి, తిన్నదని దూరం నుంచే తెలుస్తోంది. అరుగు మీద వాలింది. సందురెక్క ఈసారి ఆగలేదు, రెండడుగులు వేయకముందే లేచిపోయింది. బావ బీడీ వెలిగించి, దూరంగా వెళ్లి అటు తిరిగి తాగాడు.

జనవరి 8న ఏమీ లేదు. ఇంకా పొదుగుతూనే ఉంది. 15న, సంక్రాంతి మర్నాడు, అక్క కట్టిచ్చిన సకినాల మూటతో గుట్టకు వెళ్లాం. పక్షి నిలబడే ఉంది. మెడ కాళ్ల మధ్యకు వంచి, గొంతు లోపలి నుంచి ఏదో తెచ్చి ముక్కు చివర పట్టుకుంది, ముక్కు కదలకుండా. అంత పెద్ద పక్షి, ఎద్దు తోలు చీల్చే ముక్కు, దాని చివర గోరంత మేత. కింద ఎవరో అందుకుంటున్నారు. పిల్ల తల కనిపించడానికి మాకు మరో రెండు వారాలు పట్టింది. కొమ్మల పైకి పిడికిలంత, బూడిద కలిసిన తెల్లటి నూగుతో. అది ఊగి పడిపోయి మళ్లీ లేచింది.

ఇక అక్కడి నుంచి చూడాల్సింది గూటిని కాదు, ఊళ్లను. పిల్ల ఉన్నప్పుడు రెండు పక్షులూ మేతకు పోక తప్పదు. అవి తినేది మన కొట్టాల్లో చచ్చిన పశువు. చుట్టుపక్కల ఊళ్లలో పశువు చస్తే బావకు కబురు పెట్టమని ముందే చెప్పి ఉంచారు. కబురొస్తే వెళ్లి, ఏ మందు వేశారో కనుక్కుని, హాని లేనిదని తేలితేనే రాబందులకు మేత పెట్టే చోటికి తోలించాలి. ఈ కనుక్కోవడమే నా పని.

ఫిబ్రవరిలో శివరాత్రి అయ్యాక వచ్చిన ఆదివారం అలాంటి కబురొచ్చింది. ఒక ఆవు, రాత్రి చచ్చింది. కాకా ఒకాయన, ఆయన భార్య, ఇంటి ముందు గడ్డివాము పక్కన కూర్చుని ఉన్నారు. ఆవు మీద పాత చీర కప్పారు. ఆమె ఏడుస్తోంది. ఇలాంటి చోట మందుల చీటీ అడగడానికి నోరు రాదు.

"కాకా, సూది ఏమన్న ఏపిచ్చిన్రా?"

"ఏపిచ్చినం బిడ్డా. మొన్న ఒకలు వచ్చి రెండు సూదులు ఏసిన్రు."

"సీసలు ఉన్నయా?"

ఆమె లేచి లోపలికి వెళ్లి, చూరులో చెక్కిన ప్లాస్టిక్ కవరు తెచ్చింది. ఒక సీసా జ్వరం మందు, పేరు స్పష్టంగా ఉంది, దాని మీద పేచీ లేదు. రెండోది లేబుల్ చిరిగిపోయిన గాజు సీసా. మిగిలిన కాగితం ముక్క మీద మూడు అక్షరాలే ఉన్నాయి. వాటిని బట్టి అది కిటోప్రొఫెన్ కావచ్చనిపించింది. అదీ రాబందులకు విషమే. అప్పటికి దానికి నిషేధం లేదు; పశువుల వాడకంలో దాన్నీ ఏసిక్లోఫెనాక్‌నీ నిషేధించింది 2023లో. నిమెసులైడ్ వంతు 2024 చివర్లో వచ్చింది. ఆ రోజున మాత్రం ఆ సీసా ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

నేను సీసాను ఎండకు పెట్టి తిప్పి తిప్పి చూశాను. ఇంకో రెండక్షరాలు దొరికితే చాలు. దొరకలేదు.

"పెట్టొద్దు బావా" అన్నాను.

పాతిపెట్టాలంటే ఆరడుగుల గొయ్యి కావాలి. ఊళ్లోవాళ్లు నలుగురు గడ్డపారలు తెచ్చారు. రాతి నేల, రెండడుగులు దాటాక పార దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. అప్పుడే పైన ఒకటి తిరగడం మొదలుపెట్టింది, కాసేపటికి మూడు. రాబందులు వాసన పట్టి రావు, చూసి వస్తాయి. ఒకటి కిందికి దిగితే మైళ్ల దూరంలో ఉన్నది దాన్ని చూసి వస్తుంది. నేను తల ఎత్తి రెక్కల్లో సందు కోసం వెతికాను. చాలా ఎత్తులో ఉన్నాయి, తెలియలేదు. ఆకలి మీద ఉన్న వాటి నోటికాడి మేతను మేం మట్టిలో పెడుతున్నాం. గొయ్యి తవ్వుతున్న ఒకాయన, "పక్షికి పెడతమంటిరి, పక్షి వచ్చినంక పాతిపెడ్తున్రు, ఇదేం లెక్క?" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. బావ సీసా ఆయన చేతికిచ్చి మొదటి నుంచి చెప్పాడు. ఆయన సీసా వాసన చూసి, నేల మీద ఉమ్మి, మళ్లీ పార పట్టాడు. సాయంత్రం నాలుగింటికి ఆవు మీద సున్నం, ఉప్పు చల్లి మట్టి కప్పాం. పైన ఉన్నవి ఎప్పుడు వెళ్లిపోయాయో ఎవరం చూడలేదు.

మంచి కబురు మార్చిలో వచ్చింది, హోలీ ముందు రోజు. ముసలి ఎద్దు. దాని యజమాని మేము అడక్కముందే తువ్వాలు కొసన కట్టిన ముడి విప్పి సీసా చేతిలో పెట్టాడు. మెలాక్సికామ్, లేబుల్ నిండుగా ఉంది. అది రాబందులకు హాని చేయని మందు. "పశువుల దవాఖానల డాక్టరే ఏసిండు. అది గాక ఏరే సూది పడలే, నా ఎద్దు మీద ఒట్టు" అన్నాడు. గొయ్యి తవ్విన ఊరే అది. మాట ఊరంతా తిరిగింది.

తోలు తీసి, ఎడ్లబండి మీద మేత పెట్టే చోటికి తెచ్చి దించాం. దూరంగా ఆకులు కప్పిన పందిరి లోపల కూర్చున్నాం, మాట్లాడకుండా. కాకులు వెంటనే వచ్చాయి. రాబందులు చాలాసేపు రాలేదు. చెట్ల మీద వాలి కూర్చున్నాయి, ఒక్కొక్కటే. గంట దాటింది. ఎవరు ముందు దిగుతారా అని ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉంది. చివరికి ఒకటి దిగి, మెడ సాచి, పక్కపక్కగా గెంతుతూ వచ్చింది. ఆ తర్వాత నిమిషాల్లో ఎద్దు కనిపించలేదు. రెక్కలే. బుసలు, రుసరుసలు, ఒకదాని వీపు మీద ఒకటి. మెడకు ఈకలు ఎందుకు లేవో అక్కడ చూస్తే చెప్పకుండానే తెలుస్తుంది. మెడ మొత్తం ఎద్దు కడుపు లోపలికి పోతుంది, బయటికొస్తుంది. వాటి కడుపులోని ఆమ్లం ఎంత గట్టిదంటే కుళ్లిన మాంసంలోని క్రిములు అందులో బతకవు. ఇవి లేని ఊళ్లలో ఆ పని కుక్కల పాలైంది. కుక్కలు పెరిగితే ఏమవుతుందో కుక్క కాటు ఇంజెక్షన్లు అమ్మే నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఆ గుంపులో ఎడమ రెక్కలో సందున్న పక్షిని చూశాను. ఎముక మీది మాంసం లాగి, గొంతు సంచి నింపుకుని, బరువుకు లేవలేక బండ దాకా నడిచి, అక్కడి నుంచి గాలిలోకి జారింది. పందిరి మీదుగా పోయినప్పుడు రెక్కల చప్పుడు వినిపించింది, తడి దుప్పటి దులిపినట్టు. సందులో కొత్త ఈక సగం మొలిచింది. ఇంకో నెలలో నిండిపోతుంది, అప్పుడు ఏది ఏదో నాకు తెలియదు.

ఎండలు ముదిరాయి. ఉగాది దాటాక మధ్యాహ్నం గుట్ట వైపు చూస్తే రాయి మీద గాలి నీళ్లలా కదిలేది. పెద్ద పక్షి పిల్లకు ఎండ తగలకుండా రెక్క విప్పి గొడుగులా పట్టి, గంటల తరబడి నోరు తెరుచుకుని రొప్పుతూ నిలబడేది. పిల్ల నూగు పోయి గోధుమ ఈకలు వచ్చాయి, ముక్కు ఇంకా నల్లగానే ఉంది.

ఏప్రిల్ మొదటి వారంలో వాగు పక్కన పొగ లేచింది. ఇప్పపువ్వు ఏరేవాళ్లు చెట్టు కింద ఆకు కాల్చారు, గాలికి అది పక్కకు పాకింది. ఇప్పపువ్వు లేకపోతే ఆ ఇళ్లలో వేసవి గడవదు, వాళ్లను అనడానికి లేదు. బావా, ఇంకో ఇద్దరూ, ఆ ఏరేవాళ్లే నలుగురూ పచ్చికొమ్మలు విరిచి కొట్టి కొట్టి రెండు గంటల్లో ఆర్పారు. పొగ గుట్ట మొహానికి పాకి, పై రెండు గూళ్ల దగ్గరి పక్షులు లేచిపోయాయి. మా అరుగు మీద ఉన్నది లేవలేదు. పిల్ల మీదికి వంగి కూర్చుంది. మర్నాటి నుంచి వాళ్లు ఆకు కాల్చకుండా ఊడ్చి ఏరారు. పని రెట్టింపు, అయినా చేశారు.

ఆ ఏడు ఆ గుట్ట మీది గూళ్లన్నీ నిలవలేదు. మా అరుగుకు కుడివైపు గూడు ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. ఎందుకో మాకు అంతు దొరకలేదు. ఆ జంట మాత్రం తర్వాత కూడా చాలా రోజులు ఆ ఖాళీ కొమ్మల దగ్గరే కూర్చుని లేచేవి.

ఏప్రిల్ 30న పిల్ల అరుగు చివర నిలబడి రెక్కలు ఆడించింది. కాళ్లు జానెడు పైకి లేచాయి. భయపడి వెంటనే గోడకు ఆనుకుంది. నేను ఆ వారమంతా షాపులో బిల్లులు తప్పు రాశాను.

మే 7న నది దాటేసరికి ఆరు. ఎండ రాకముందే స్కోపు పెట్టాం. అరుగు ఖాళీగా ఉంది. కొమ్మలున్నాయి, చారలున్నాయి, పిల్ల లేదు. బావ ఏమీ అనకుండా గుట్ట అడుగున బండల మధ్య, పొదల మధ్య చూస్తూ పోయాడు. ఎగరడం రాక పడిపోయిన పిల్లలు అక్కడే దొరుకుతాయి. నేను స్కోపును అరుగు నుంచి కిందికి, ఒక్కో మూర చొప్పున దించుకుంటూ వచ్చాను. ఏడూ నలభై. ఎనిమిది. ఎనిమిదీ పది.

అరుగుకు ఎడమగా, తాటిచెట్టంత కింద, ఒక చిన్న అంచు ఉంది. దాని మీద నల్ల ముక్కు.

"బావా" అని అరిచాను. అతను పొదల్లోంచే చెయ్యెత్తాడు.

కాసేపటికి పెద్దవి రెండూ వచ్చి దానికి రెండు వైపులా వాలాయి. రెండు రెక్కలూ నిండుగా ఉన్నాయి, ఏది ఏదో నాకు తెలియలేదు. ఒకటి గొంతులోంచి మేత తీసి పిల్ల ముందు పట్టింది. పిల్ల అందుకుంది. నోటుబుక్కులో తేదీ, టైము వేసి రాసుకున్నాను: పాత గూడు ఖాళీ. పిల్ల కొత్త అంచు మీద. అంచు కింద రాయి ఇంకా ఎర్రగానే ఉంది.